వరంగల్ వంటింట్లో ఎమా దత్షి: మిరపకాయనే కూరగా వండే భూటాన్ పద్ధతి

భూటాన్‌లో మిరపకాయ కూరగాయ. మన ఇళ్లలో వంకాయకు, బీరకాయకు ఉన్న చోటు అక్కడ దానిది. కిలోల లెక్కన కొంటారు, కడిగి చీల్చి ఉడికిస్తారు, అన్నంలోకి కూరగా వడ్డిస్తారు. దానికి తోడు వెన్న తీసిన మజ్జిగతో చేసిన మెత్తని చీజ్. ఆ రెండూ కలిస్తే ఎమా దత్షి. అక్కడి ఇళ్లలో అది లేని రోజు అరుదు.

మిర్చికి పేరుపడ్డ మన వరంగల్‌లో ఈ కూర ఎవరూ వండకపోవడం నాకు వెలితిగా తోస్తుంది. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళితే బస్తాల మధ్య నడవడానికి దారి ఉండదు. అంత మిర్చి చూసిన ఊళ్లో మనం దాన్ని కారం డబ్బాకు, పచ్చడి జాడీకి, పోపు గిన్నెకు పరిమితం చేశాం. మిర్చి బజ్జీ ఒక్కటే మినహాయింపు. కాయను కాయగా తినడం మనకు కొత్త కాదని ఆ బజ్జీయే చెబుతోంది కదా. అందుకే ఈ కూర మన నాలుకకు పరాయిది కాదని నా నమ్మకం.

నేను కాజీపేటవాణ్ని. మాంగ్దేచు జలవిద్యుత్ కేంద్రం కడుతున్న రోజుల్లో ఎలక్ట్రికల్ పని మీద భూటాన్ నడిమధ్యన ఉన్న ట్రోంగ్సాకు వెళ్లి అక్కడే ఉన్నాను. 720 మెగావాట్ల ఆ కేంద్రం 2019లో పనిచేయడం మొదలుపెట్టింది. మేం అద్దెకున్న ఇంటి యజమానురాలిని అక్కా అని పిలిచేవాణ్ని. ఆమెకు హిందీ బాగా వచ్చు. చలికాలం సాయంత్రాలు వెచ్చగా ఉండేది ఆమె వంటగదే కాబట్టి డ్యూటీ దిగాక అక్కడే కూర్చునేవాళ్లం. కింద రాసిన వంటలు ఆమె పొయ్యి దగ్గర చూసి నేర్చుకున్నవి. మన ఊళ్లో దొరికే సరుకుతో ఎక్కడ సర్దుకోవచ్చో, ఎక్కడ సర్దుకోకూడదో మాత్రం హనుమకొండలోని మా ఇంటి పొయ్యి మీద తేల్చుకున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. పోపు పెట్టకండి, పసుపు వేయకండి. జీలకర్ర, ధనియాల పొడి, గరం మసాలా, కరివేపాకు ఏవీ వద్దు. మా అమ్మ మొదటిసారి గిన్నెలోకి తొంగి చూసి, "పసుపు లేదు, పోపు లేదు, ఇదేం కూరరా?" అంది. తెలుగు చేయి పోపు గిన్నె వైపు తనంతట తానే పోతుంది, నాకు తెలుసు. కానీ ఈ కూరలో వాసనంతా మిరపకాయ తోలు నుంచి, వెన్న నుంచి రావాలి. ఆవాలు చిటపటమన్నాయంటే ఆ రెండూ వెనక్కి పోతాయి, మిగిలేది చీజ్ వేసిన మన మిరపకాయ కూరే. అదీ బాగానే ఉండొచ్చు, కానీ అది ఎమా దత్షి కాదు.

మిరపకాయ ఎంపిక

కారం చూసి కాదు, కండ చూసి కొనండి. కాయను మధ్యకు విరిచి చూడండి. లోపలి గోడ మందంగా, తడిగా ఉండాలి. సన్నగా, పొడుగ్గా ఉండి గోడ కాగితంలా పలచగా ఉన్న కాయ ఉడికితే తోలే మిగులుతుంది, ఎంత నమిలినా పంటి కింద పీచులా తగులుతుంది. భూటాన్‌లో వాంగ్‌దూ ప్రాంతంలో పండే షా ఎమా అనే రకానికి మంచి పేరుంది. అలాంటి పెద్ద కాయలనే అక్కడ కూరకు ఏరుకుంటారు.

మనకు ఏడాది పొడవునా సులువుగా దొరికేవి బజ్జీ మిరపకాయలు. కుమార్‌పల్లి మార్కెట్లో, రైతుబజార్లలో ఎప్పుడూ ఉంటాయి. అయితే వాటితోనే చేస్తే కూర చప్పబడుతుంది. నలుగురికి 250 గ్రాముల మిరపకాయలు కావాలనుకుంటే 200 గ్రాములు బజ్జీ మిరపకాయలు, 50 గ్రాములు మామూలు పచ్చిమిరపకాయలు తీసుకోండి. ఇంట్లో కారం తినలేనివాళ్లు ఉంటే ఆ 50 గ్రాముల బదులు క్యాప్సికం వేయండి. కారం తగ్గించడానికి గింజలు దులిపితే చాలదు. ఘాటు పుట్టేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో. కాయను చీల్చి, చెంచా కొసతో ఆ తెల్లటి భాగాన్ని గీకి తీసేయాలి. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోకుండా కళ్లు ముట్టుకోవద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ కూర కోసమే పుట్టిందా అనిపించే కాయ మన దగ్గరే ఉంది, అది చపాట. పొట్టిగా, లావుగా ఉంటుందని దాన్ని టమాట మిర్చి అని కూడా పిలుస్తారు. ముదురు ఎరుపు, తక్కువ కారం. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనం దాన్ని పచ్చళ్ల రంగు కోసమే గుర్తుపెట్టుకున్నాం. రంగు కోసం వాడే కాయను కూరగా తినొచ్చన్న ఆలోచన మాకు ట్రోంగ్సా నుంచి తిరిగొచ్చాక వచ్చింది. పచ్చి చపాట మార్కెట్‌కు దాదాపు రాదు, రైతులు దాన్ని చెట్టు మీదే పండించి ఎండబెట్టి అమ్ముతారు. నర్సంపేట, దుగ్గొండి, నల్లబెల్లి వైపు చపాట వేసే రైతులు తెలిసినవాళ్లు ఉంటే చలికాలం మొదట్లో, కాయ పచ్చిగా ఉన్నప్పుడే ఒక సంచి అడిగి తెచ్చుకోండి. అడిగితే ఇస్తారు, ఎందుకని ఆశ్చర్యంగా చూస్తారు కూడా.

కడగడం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. 2016లో భూటాన్ మన దేశం నుంచి పచ్చిమిరప దిగుమతిని ఆపేసింది. పురుగుమందుల అవశేషాలు మోతాదు మించి ఉండటమే కారణం. మిరపకాయే కూరగాయ అయిన దేశం, చలికాలంలో తన పంట చాలదని తెలిసి కూడా ఆ నిర్ణయం తీసుకుంది. మిర్చి పండించే జిల్లావాడిగా ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. పోపులో రెండు కాయలు వేసుకునేవాడికి, పూటకు గుప్పెడు కాయలు తినేవాడికి మందు చేరే లెక్క ఒకటి కాదు. వీలైతే మందులు తక్కువ కొట్టే రైతు దగ్గరే కొనండి. లేకపోతే ఉప్పు నీళ్లలో కాసేపు నానబెట్టి, పారే నీటి కింద ఒక్కో కాయనూ రుద్ది కడగండి. కడిగాకే తొడిమ తీయండి. ముందే తీస్తే మురికి నీళ్లు కాయ లోపలికి పోతాయి.

దత్షి చేయడం

భూటాన్‌లో చీజ్ చేసే పద్ధతి తెలిశాక, దీన్ని మన ఇళ్లలో ఎందుకు చేయలేదా అనిపించింది. పాలు తోడుపెట్టి చిలుకుతారు, వెన్న తీస్తారు, మిగిలిన మజ్జిగను సన్న సెగ మీద వెచ్చబెడతారు. మజ్జిగ విరిగి తెల్లటి పెచ్చులు పైకి తేలుతాయి. వాటిని వడగట్టి, చేత్తో నొక్కి, ముద్దలు చేస్తారు. అదే దత్షి. వెన్న దాకా మనమూ ఇదే చేస్తాం. ఆ తరువాత వాళ్లు మజ్జిగను పొయ్యి మీద పెడతారు, మనం గ్లాసుల్లో పోసుకుంటాం.

ఇంట్లో చేయాలంటే మజ్జిగ చిక్కగా ఉండాలి. చిలికేటప్పుడు నీళ్లు తక్కువ పోయండి. రెండు లీటర్ల చిక్కటి మజ్జిగ నుంచి పిడికిలంత ముద్ద వస్తుంది. గిన్నెను పొయ్యి మీద పెట్టి మంట పూర్తిగా తగ్గించండి. ఇక్కడ తొందర పనికిరాదు. మజ్జిగ తెర్లితే పెచ్చులు బిగుసుకుని రబ్బరు ముక్కలవుతాయి, తరువాత కూరలో ఎంత ఉడికించినా కరగవు. వేలు పెడితే చురుక్కుమనే వేడి చాలు. కాసేపటికి గిన్నె అంచుల వెంట పలచటి, లేత పసుపు నీళ్లు కనిపిస్తాయి, మధ్యలో తెల్లటిదంతా ఒకచోటికి చేరుతుంది. అప్పుడే పొయ్యి ఆపి, కదపకుండా పది నిమిషాలు వదిలేయండి. తరువాత పలచటి నూలుబట్టలో పోసి, నీళ్లు దానంతట అవే దిగనిచ్చి, చివర మాత్రం చేత్తో మెల్లగా ఒత్తండి. గట్టిగా పిండకండి, తడి ఉంటేనే కూరలో కలుస్తుంది. కింద దిగిన నీళ్లు చపాతీ పిండి తడపడానికి బాగుంటాయి.

ఇంటి దత్షి కూరలో సగం కరిగి, సగం చిన్న పలుకులుగా మిగులుతుంది. అలా ఉండటమే సరైనది. పులుసు నున్నగా కావాలంటే దాంతోపాటు ఒకటో రెండో ప్రాసెస్డ్ చీజ్ ముక్కలు వేయండి. అమూల్ చీజ్ భూటాన్ పట్టణాల్లోనూ విరివిగా వాడతారు, ఎమా దత్షిలో వేసేవాళ్లూ ఉన్నారు. మజ్జిగ విరిచే ఓపిక లేని రోజున అది ఒక్కటే వేసినా కూర అవుతుంది, పుల్లదనం మాత్రం తగ్గుతుంది. పనీర్ మటుకు వద్దు. అది కరగదు, మిరపకాయల మధ్య ముక్కలుగా తేలుతూ వేరే కూర అయిపోతుంది. పిజ్జాల మీద వేసే సాగే చీజ్ కూడా వద్దు.

వండటం

నలుగురికి కావలసినవి చెబుతాను. కడిగిన మిరపకాయలు 250 గ్రాములు, దత్షి లేదా చీజ్ 150 గ్రాములు, ఒక మధ్యరకం ఉల్లిపాయ, రెండు టమాటాలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు పెద్ద చెంచాల వెన్న, ఒకటిన్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు, కొంచెం కొత్తిమీర. చీజ్‌లో ఎలాగూ ఉప్పు ఉంటుంది కాబట్టి మొదట సగమే వేసి, చివర రుచి చూసి కలుపుకోండి.

మిరపకాయలను నిలువుగా నాలుగు చీలికలు చేయండి. గుండ్రంగా తరిగితే అన్నంతో కలిపినప్పుడు చేతికి అందవు. ఉల్లిపాయను కూడా నిలువుగానే తరగండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మిరపకాయలు, ఉల్లిపాయ, వెన్న, నీళ్లు, ఉప్పు అన్నీ ఒకేసారి వేసి, అప్పుడు పొయ్యి మీద పెట్టండి. నూనె కాచడం, వేయించడం ఇందులో లేవు. మిరపకాయ వేగితే ఇల్లంతా దగ్గు. నీళ్లలో ఉడికితే ఆ ఘాటు పులుసులోకి దిగి మెత్తబడుతుంది. అయినా కిటికీ తెరిచి ఉంచడం మంచిది.

మూత పెట్టి మధ్యస్థంగా మంట ఉంచితే ఎనిమిది నుంచి పది నిమిషాల్లో కాయ ఉడుకుతుంది. చూసి తెలుసుకోవడం ఎలాగంటే, తోలు మీది నిగనిగ పోయి ఆకుపచ్చ రంగు కాస్త మాసినట్టవుతుంది, చీలికల అంచులు లోపలికి ముడుచుకుంటాయి. గరిటె అంచుతో నొక్కితే తెగాలి, కానీ చితకకూడదు. ఆ దశలో దంచిన వెల్లుల్లి, పెద్ద ముక్కలుగా కోసిన టమాటాలు వేసి మరో మూడు నిమిషాలు ఉడకనివ్వండి. వెల్లుల్లిని ముందే వేస్తే దాని వాసన నీళ్లలో కలిసి పోతుంది, అందుకే ఆఖరులో.

ఇప్పుడు మంట పూర్తిగా తగ్గించి, దత్షిని చేత్తో చిదిపి పైన పరచండి. మూత పెట్టండి. మూడు నిమిషాలు గరిటె ముట్టుకోకండి. ఇది ఈ వంటలో అన్నిటికంటే ముఖ్యమైన మూడు నిమిషాలు. ఆవిరికి చీజ్ పైనుంచి మెత్తబడుతూ దిగుతుంది. వేయగానే కలిపేస్తే అడుగున అంటుకుని ఉండ కడుతుంది. మూత తీసేసరికి పైన తెల్లటి పొర, అంచుల వెంట వెన్న బుడగలు కనిపిస్తాయి. అప్పుడు పొయ్యి ఆపి, అడుగు నుంచి పైకి రెండు మూడు సార్లు తిప్పండి, కొత్తిమీర చల్లండి. చీజ్ వేశాక మళ్లీ తెర్లనిస్తే నెయ్యి వేరు, నీళ్లు వేరు అయి కూర విరిగినట్టు కనిపిస్తుంది.

చిక్కదనం విషయంలో మన అలవాటు అడ్డొస్తుంది. మనం కూరను దగ్గరపడే దాకా ఉంచుతాం. ఎమా దత్షి పలచగా, అన్నంలో పోస్తే కిందికి జారేలా ఉండాలి. మిరపకాయలకు సమానంగా పులుసు ఉండాలన్నది అక్క చెప్పిన కొలత.

ఎండు చపాటతో చేసేది ఇంకో రకం, మా ఇంట్లో అందరికీ అదే ఎక్కువ ఇష్టం. భూటాన్‌లో శరత్కాలంలో ఇళ్ల కప్పుల మీద మిరపకాయలు ఎర్రగా ఆరబోస్తారు, చలికాలమంతా వాటితోనే దత్షి వండుతారు. అదే పద్ధతి మన కాయకు చక్కగా కుదిరింది. 60 గ్రాముల ఎండు చపాట కాయలను తొడిమలు తీసి, గింజలు దులిపి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి. తోలు ఉబ్బి మళ్లీ కండ పడుతుంది. చేత్తో రెండు మూడు ముక్కలుగా చింపి, నానబెట్టిన నీళ్లతో సహా గిన్నెలో పోయండి. మిగతాదంతా పై పద్ధతే, ఉడకడానికి మాత్రం పావుగంట పడుతుంది. పులుసు ఇటుక రంగులోకి వస్తుంది. కారం మెల్లగా, వెనకాల నుంచి తెలుస్తుంది. తేజ రకం ఎండుమిరపతో ఈ పని చేయకండి, ఆ ఘాటు కూరగా తినడానికి కాదు.

ఇదే గిన్నెలో బంగాళాదుంపలు పలచటి బిళ్లలుగా కోసి, మిరపకాయలు నాలుగైదుకు తగ్గించి వండితే కేవా దత్షి. పుట్టగొడుగులు వేస్తే షాము దత్షి. పిల్లలున్న ఇంట్లో కేవా దత్షితో మొదలుపెట్టడం మేలు. షాము దత్షికి మన దగ్గర దొరికే ముత్యపు చిప్ప పుట్టగొడుగులు బాగా నప్పుతాయి. అవి తమ నీళ్లు తామే వదులుతాయి కాబట్టి గ్లాసు నీళ్లు చాలు.

అన్నం, పక్కన నంజుకునేది

ఈ కూర కింద భూటాన్‌లో ఎర్ర బియ్యం అన్నం ఉంటుంది. పారో లోయ ఎర్ర బియ్యానికి పేరు. పైపొర సగమే తీస్తారు కాబట్టి ముడి బియ్యం కంటే త్వరగా ఉడుకుతుంది, ఉడికాక లేత గులాబి రంగుకు వచ్చి కొద్దిగా అంటుకుంటుంది. ఆ జిగురే ముఖ్యం. పొడిపొడిగా రాలే సన్నబియ్యం అన్నంతో పలచటి దత్షి పళ్లెమంతా పారుతుంది. దేశవాళీ బియ్యం అమ్మేవాళ్ల దగ్గర నవార, రక్తశాలి లాంటి ఎర్ర బియ్యం దొరుకుతాయి. గంట నానబెట్టి, మామూలు కంటే అర గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండండి. అవి లేకపోతే కొత్త బియ్యం వాడండి, కొత్త బియ్యానికి ఎలాగూ జిగురు ఉంటుంది.

తూర్పు భూటాన్‌లో అన్నం కంటే మక్కజొన్న ఎక్కువ. మక్కలను రవ్వగా విసిరి విడిగానో, బియ్యంతో కలిపో వండుతారు, దాన్ని ఖరాంగ్ అంటారు. కరీంనగర్, జగిత్యాల వైపు మక్క గట్క తిని పెరిగినవాళ్లకు అది చెప్పకుండానే వండటం వచ్చు. గట్కను కాస్త గట్టిగా దించి దాని మీద ఎమా దత్షి పోసుకు తినండి. నాకైతే ఎర్ర అన్నం కంటే ఇదే నచ్చుతుంది.

పళ్లెం అంచున ఏజే ఉండాలి. రోటి పచ్చడి తెలిసినవాళ్లకు ఇది నిమిషాల పని. నాలుగు ఎండుమిరపకాయలు కాల్చి, ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలతో రోట్లో కచ్చాపచ్చాగా నూరి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, చిదిపిన దత్షి కలపాలి. అక్కడ తింగే అనే గింజ కూడా వేస్తారు. అది నాలుకను తిమ్మిరెక్కించే మిరియపు రకం. దొరకకపోతే మానేయండి, మన మిరియాలు దానికి బదులు కావు. ఇందులోనూ పోపు లేదు, నూనె లేదు. కారంతో నోరు మండేవాళ్ల కోసం కీరదోస ముక్కలు పక్కన పెట్టండి. మంచినీళ్లు కారాన్ని తగ్గించవు, మజ్జిగ తగ్గిస్తుంది.

మాంసం గురించి ఒక్క ముక్క. ఎండబెట్టిన పంది మాంసం, ముల్లంగి, ఎండుమిరప కలిపి వండే సికం పా అక్కడ పండుగ వంట. మన ఊళ్లో కొవ్వుతో సహా ఎండబెట్టిన మాంసం నాకు నమ్మకంగా ఎక్కడా దొరకలేదు, పచ్చి మాంసంతో వండితే ఆ రుచి రాదు. అందుకే దాని జోలికి పోవడం లేదు. మేం అక్కడ ఉన్న రోజుల్లో, వాళ్ల పంచాంగం ప్రకారం మొదటి నెలలో, నాలుగో నెలలో మాంసం అమ్మేవాళ్లు కాదు. ఆ నెలల్లో మేమూ దత్షి మీదే గడిపేవాళ్లం, లోటు తెలిసేది కాదు.

ఎండాకాలంలో చేసి పెట్టుకోవలసినది

మన ఎండలను వృథా పోనివ్వకండి. భూటాన్‌లో పచ్చిమిరపకాయలను మరుగుతున్న నీళ్లలో ముంచి తీసి ఎండబెడతారు. ఎండేకొద్దీ ఆకుపచ్చ పోయి తెల్లగా అవుతాయి. చలికాలం కూరల్లో ఈ తెల్ల మిరపకాయలకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. మన చల్ల మిరపకాయలకు ఇవి దగ్గర చుట్టాలు, కాకపోతే వీటిలో పెరుగు లేదు, ఉప్పు లేదు, వేయించుకు తినేవి కావు.

లావు పచ్చిమిరపకాయలు కిలో తీసుకుని, తొడిమలు ఉంచి, ఒక్కో కాయకు నిలువుగా ఒక గాటు పెట్టండి. నీళ్లు కళపెళ మరుగుతున్నప్పుడు వేసి, రెండు నిమిషాల్లో తీసేయండి. నీడలో తడి ఆరాక డాబా మీద పలచటి బట్ట కప్పి ఎండబెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు వారం లోపే గలగలలాడతాయి. మబ్బు పట్టిన రోజు లోపలికి తెచ్చి ఫ్యాను కింద పరచండి, తడి నిలిస్తే బూజు పడుతుంది. డబ్బాలో వేసి గాలి తగలకుండా ఉంచితే వానాకాలం దాటి నిలుస్తాయి. వాడేటప్పుడు ఎండు చపాటలాగే నానబెట్టి, ముఖ్యంగా కేవా దత్షిలో వేయండి.

సుజా, అటుకులు, ఆరా

సుజా అంటే ఉప్పు వేసిన వెన్న టీ. చక్కెర టీ అనుకుని నోట్లో పెడితే ఎవరికైనా నచ్చదు, ఒక రకం సూప్ అనుకుని తాగండి. లీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల ఆకు టీ వేసి పావుగంట బాగా మరిగించండి. పొడి టీ అయితే చేదెక్కుతుంది. మరిగేటప్పుడు చిటికెడు వంట సోడా వేస్తే రంగు ముదురుతుంది. వడగట్టి, 50 గ్రాముల ఉప్పులేని వెన్న, ముప్పావు చెంచా ఉప్పు వేసి చిలకాలి. అక్కడ పొడుగాటి చెక్క గొట్టంలో పోసి కర్రతో పైకీ కిందికీ పొడుస్తారు. మనం పొడుగు గిన్నెలో కవ్వంతో చిలకవచ్చు. మిక్సీలో అయితే వేడి తగ్గాక, మూత వదులుగా పెట్టి తిప్పాలి, లేకపోతే ఆవిరికి మూత ఎగిరిపోతుంది. పైన వెన్న కళ్లు తేలుతున్నాయంటే ఇంకా చిలకాలని అర్థం. సన్నటి నురుగు వచ్చి, రంగు లేత గోధుమ గులాబికి తిరిగితే అయిపోయినట్టు. ఇంటి వెన్న తాజాది వాడండి, నెయ్యి వేయకండి. నెయ్యి ఎంత చిలికినా పైకే వస్తుంది.

సుజాతో జావ్ తింటారు, బియ్యం వండి ఆరబెట్టి వేయించిన పేలాలు అవి. మక్కలను దంచి చేసిన అటుకులు కూడా తింటారు. మన మార్కెట్లో దొరికే మక్క అటుకులను చుక్క వెన్నతో మూకుట్లో వేయించి పెడితే సరిపోతుంది. ఒక సలహా ఉంది. సుజాను డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల కోసం ఉంచుకోండి. పెలె లా కనుమ మీద, 3,400 మీటర్ల ఎత్తున, చలి ఎముకల్లోకి దిగే చోట తాగే పానీయం అది. అక్కడ రోడ్డు పక్కన జడల బర్రె పాలతో చేసి గట్టిపరచిన చుగో చీజ్ ముక్కలు పూసల దండల్లా వేలాడుతుంటాయి, డ్రైవర్లు ఒక ముక్క బుగ్గన పెట్టుకుని దారంతా గడిపేస్తారు. మే నెలలో హనుమకొండలో సుజా తాగితే వెగటే మిగులుతుంది.

ఆరా గురించి అడిగేవాళ్లు ఉంటారు. బియ్యం, మక్కలు, గోధుమ, బార్లీ పులియబెట్టి ఇంట్లోనే కాచే సారా అది. వెన్నలో గుడ్డు వేయించి అందులో ఆరా పోసి వెచ్చగా ఇవ్వడం అక్కడి మర్యాద. చేసే విధానం నాకు తెలిసినా ఇక్కడ రాయను. మన దగ్గర ఇంట్లో సారా కాచడం నేరం. పైగా గుడుంబా మన చుట్టుపక్కల ఎన్ని ఇళ్లను తినేసిందో చూసినవాణ్ని. భూటాన్ వెళితే అక్కడే రుచి చూడండి. పోసినప్పుడు వెంటనే గిన్నె చాపకూడదు. నోటికి చేయి అడ్డం పెట్టుకుని మేషు మేషు అనాలి. రెండోసారి, మూడోసారి అడిగాక పుచ్చుకోవాలి.

వడ్డించేటప్పుడు

భూటాన్ ఇళ్లలో నేల మీద బాసిపట్లు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు, ఇంటి ఇల్లాలు మధ్యలో ఉండి వడ్డిస్తుంది. జెమ్‌గాంగ్ ప్రాంతపు ఖెంగ్ వాళ్లు అల్లే బాంగ్‌చుంగ్ అనే వెదురు బుట్టల్లో అన్నం పెడతారు. తినబోయే ముందు చిటికెడు అన్నాన్ని రెండు అరచేతుల మధ్య ముద్దగా నలుపుతారు, చేతికున్న మురికి ఆ ముద్దకు అంటుకుంటుంది. దాన్ని పక్కన పెట్టి భోజనం మొదలుపెడతారు. అన్నానికి జిగురు ఉండాలని పైన ఎందుకు పట్టుబట్టానో దీన్ని చేసి చూస్తే తెలుస్తుంది.

కూరను పొయ్యి దించిన పది నిమిషాల్లోపు వడ్డించండి. చల్లారితే పైన తెట్టు కడుతుంది. మొదటిసారి తినేవాళ్లకు అన్నం ఎక్కువ, పులుసు ఎక్కువ, కాయలు రెండే వేయండి. తరువాత వాళ్లే అడుగుతారు. మిగిలినదాన్ని బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి బాగానే ఉంటుంది. వేడి చేసేటప్పుడు అర గ్లాసు పాలు కలిపి, సన్న సెగ మీద, తెర్లకుండా వెచ్చబెట్టండి.